పిల్లల్ని నీటి గండం నుంచి కాపాడుకుందాం



ఎండాకాలం సెలవులొస్తే పల్లెల్లో పిల్లలు నీళ్ల వైపే పరుగెడతారు. చెరువో, కాలువో, వ్యవసాయ బావో, ఏదో ఒకటి. ఆ రోజుల్లోనే పత్రికల్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఈతకెళ్లిన పిల్లవాడు మునిగిపోయాడు, వాణ్ణి పట్టుకోబోయి మరో ఇద్దరు మునిగిపోయారు. దీన్ని తలరాత అనుకుని ఊరుకోకూడదు. ఇవి ఆపగలిగిన మరణాలు. కాకపోతే ఏ తల్లీ ఒంటరిగా ఆపలేదు, ఊరు ఊరంతా పూనుకోవాలి.

మునిగిపోయేవాళ్లు సినిమాల్లో చూపించినట్టు కేకలు వెయ్యరు. నోరు నీటి పైకి వచ్చిన ఆ ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక అరిచేదెక్కడ? చేతులు పైకెత్తి పిలవనూ లేరు. తేలడం కోసం చేతులు నీటిని కిందికి అదుముతూ ఉంటాయి. అందుకే పక్క రేవులో బట్టలుతుకుతున్న వాళ్లకు కూడా తెలియకుండానే అంతా అయిపోతుంది. ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఇక ఏడాది, రెండేళ్ల పిల్లలకు చెరువే అక్కర్లేదు. ఒంటితో పోలిస్తే వాళ్లకు తల బరువెక్కువ. బకెట్లోకి తొంగిచూస్తూ తలకిందులుగా పడితే మళ్లీ లేవలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే.

ఈ విషయంలో మన పొరుగునున్న బంగ్లాదేశ్ పల్లెల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడ చాలా ఇళ్ల దగ్గర కుంటలుంటాయి. పసిపిల్లలు ఎక్కువగా ఎప్పుడు మునిగిపోతున్నారని పరిశోధకులు ఆరా తీశారు. అమ్మ వంటలోనూ, ఇంటి చాకిరీలోనూ మునిగి ఉండే ఉదయం వేళే అని తేలింది. దాంతో 'ఆంచల్' అనే శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు. ఊళ్లోనే ఒక మహిళకు శిక్షణ ఇచ్చి, ఆమె ఇంట్లోనే పాతికమంది దాకా పిల్లల్ని ఉంచుతారు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు, వారానికి ఆరు రోజులు. ఆటలు, పాటలు, కథలు అన్నీ అక్కడే. కాస్త పెద్ద పిల్లలకు ఊరి కుంటలోనే వెదురు తడికలతో చుట్టూ కట్టి, అడుగున వెదురు బల్ల అమర్చి ఈత నేర్పించారు. అటు సంరక్షణలో ఉన్న పసిపిల్లల్లోనూ, ఇటు ఈత నేర్చిన పిల్లల్లోనూ ఈ మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయని అధ్యయనాల్లో తేలింది. వాళ్లు వాడింది వెదురు, ఒక ఇల్లు, శిక్షణ పొందిన మనిషి. ఇవి మనకు లేనివా?

మొదటి పని, పసిపిల్లల్ని కనిపెట్టి ఉండటం. మనకు అంగన్‌వాడీలున్నాయి. నాట్లకూ, కోతలకూ వెళ్లే తల్లులు పొలం నుంచి ఏ వేళకు తిరిగొస్తారో ఊరికి తెలుసు. అంగన్‌వాడీ మూసిన తర్వాత ఆ పిల్లల్ని ఎవరు చూడాలో వీధివారీగా, వంతులవారీగా మహిళా సంఘాలే నిర్ణయించుకోవచ్చు. పెద్దవాళ్లెవరైనా చూడాలి గానీ, ఏడేళ్ల అక్కకు చంటి తమ్ముణ్ణి అప్పగించి వెళ్లడం ఇద్దరికీ ప్రమాదమే.

రెండో పని, ఒకపూట పెద్దలంతా ఊరి నీటి వనరులన్నీ తిరిగి చూడాలి. పొలాల్లో పంట కుంటలు తవ్వి, నీరు ఇంకకుండా ప్లాస్టిక్ షీటు పరుస్తున్నాం. ఆ షీటు తడిస్తే నాచు పట్టి జారిపోతుంది. గట్టు వాలుగా ఉండటంతో, పడ్డవాడికి ఈత వచ్చినా పైకెక్కడానికి పట్టు దొరకదు. కుంట చుట్టూ కంచె వెయ్యాలి. లోపలికి ఒక లావుపాటి తాడు ముడులు వేసి, గట్టు మీద గుంజకు కట్టి వదలాలి. చెరువులో మట్టి తవ్వుకుపోయిన చోట లోతైన గుంతలు పడతాయి. వానలొచ్చి నీరు నిండితే పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. నిరుడు మోకాలి లోతున్న చోటు ఈ ఏడు నిలువెత్తు లోతు కావచ్చు. అలాంటి చోట ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు పాతాలి. క్వారీ గుంతలు, ఇటుక బట్టీల దగ్గరి గోతులు, వరలు లేని బావులు, మూతల్లేని సంపులు కూడా ఆ లెక్కలో చేర్చి, గ్రామసభలో తీర్మానం చేయించాలి.

మూడోది, ఎవరైనా మునుగుతుంటే ఏం చెయ్యాలి? ఈత బాగా రాని వాళ్లు దూకవద్దు. గట్టు మీద పడుకుని కర్ర అందించండి, తాడో చీరో విసరండి, మూత బిగించిన ఖాళీ డబ్బా విసరండి. ఈ సంగతి పిల్లలకు బళ్లో పదే పదే చెప్పాలి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చెయ్యకండి. విలువైన నిమిషాలు వృథా అవుతాయి, పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒకరు 108కి ఫోన్ చెయ్యండి. ఊపిరి ఆడకపోతే బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి అందించండి. మొదట రెండు నుంచి ఐదుసార్లు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో, ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి దిగేలా, 30 సార్లు వేగంగా నొక్కి రెండుసార్లు ఊపిరి ఇవ్వాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. తేరుకున్న బిడ్డను కూడా ఆసుపత్రిలో చూపించి తీరాలి. ఇది వింటే రాదు, చేతులతో సాధన చెయ్యాలి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లను అడగండి, ఊళ్లో కనీసం పదిమందికి నేర్పించమనండి.

జూలై 25 ప్రపంచ నీటి ప్రమాదాల నివారణ దినం. అప్పటిదాకా ఆగొద్దు. వచ్చే ఆదివారమే నలుగురూ కలిసి చెరువు గట్టు నుంచి మొదలుపెట్టండి. మీ బిడ్డనే కాదు, పక్కింటి బిడ్డనూ కాచుకున్నప్పుడే ఊళ్లో పిల్లలందరూ క్షేమంగా ఉంటారు.