జఠరాగ్నిని చూచిన వైద్యుడు

రాత్రి భోజనము ముగించి రేడియో చెంత కూర్చున్న శ్రోతల కడుపులో ఇప్పుడొక పెద్ద వంట సాగుచున్నది. ఆకలి వేసినపుడు జఠరాగ్ని రగులుచున్నదందుము. తిన్నది అరిగినపుడు ఆ అగ్నియే దానిని పచనము చేసినదందుము. ఆ నిప్పు ఎట్టిదో తొంగిచూచుటకు కడుపునకు కిటికీ లేదు గదా! ఒకనికి మాత్రము ఉండెను. వాని కథ చెప్పుదుము.

1822 జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినాక్ ద్వీపమున, బొచ్చుతోళ్ల వర్తకుల వద్ద పడవ నడుపు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కెనడా యువకునికి, దాపుననున్న తుపాకి పొరపాటున ప్రేలి గుండు తగిలెను. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ వాడు బ్రతుకడనుకొనెను. వాడు బ్రతికెను, కాని కడుపునకు పడిన రంధ్రము పూడలేదు. లోపలి పొరయే మడతపడి దానికి మూత అయ్యెను. వ్రేలితో నొక్కిన తెరచుకొనును.

1825 ఆగస్టు 1న మధ్యాహ్నము 12 గంటలకు బోమాంట్ మాంసపు తునకలను, నిలువ రొట్టెను, పచ్చి క్యాబేజీని పట్టుదారమునకు కట్టి, బావిలోనికి చేదను విడిచినట్లు ఆ రంధ్రమున విడిచెను. ఒంటిగంటకు లాగి చూడగా రొట్టె, క్యాబేజీ సగము తరిగియుండెను. మాంసము అట్లే యున్నది. రెండుగంటలకు ఆ రెండును, ఉడికించిన మాంసమును కూడ దారముపై లేవు.

ఉష్ణమాపకమును దింపి చూచిన, దాదాపు 100 ఫారన్‌హీట్ డిగ్రీలు. అది ఒంటి వేడియే, నిప్పు కాదు. పిమ్మట ఆయన కడుపులోని రసమును సీసాలోనికి తీసి, అందు మాంసమును వేసి, అంతే వేడిలో ఉంచెను. సీసాలోను మాంసము కరగెను, ఆలస్యముగానైనను. కడుపు వట్టి తిరగలి యను వాదము అంతటితో నిలువలేకపోయెను.

మన జఠరాగ్ని ఆ రసమే. అందలి ఉదహరికామ్లమును విలియం ప్రౌట్ 1824లో ప్రకటించెను; పెప్సిన్‌ను థియోడర్ ష్వాన్ 1836లో కనుగొనెను. పప్పు, పెరుగు, గ్రుడ్డులలోని మాంసకృత్తుల ముడులను ఆమ్లము విప్పును, పెప్సిన్ వానిని తునకలు చేయును. కడుపు గోడల కండరములు ఆ ముద్దను కలియబెట్టుచుండును. మిగిలిన పని చిన్నప్రేవులది. అన్నములోని పిండిపదార్థము సంగతి వేరు. దాని జీర్ణము నోటిలోనే లాలాజలముతో ఆరంభమగును. గబగబ మ్రింగి ఆఫీసునకు పరుగెత్తు మనవంటివారు ఆ మొదటి మెట్టునే దాటవేయుచున్నాము! ఇంత తీక్ష్ణమైన ఆమ్లము కడుపునే ఏల తినివేయదు? లోపలి గోడకు జిగట పొర కాపుండును. ఆ గోడపై కణములును కొలది దినములకే క్రొత్తవగుచుండును.

బోమాంట్ 1833లో గ్రంథము వెలువరించి కీర్తి గాంచెను. సెయింట్ మార్టిన్‌కు దక్కినది ఏడాదికి 150 డాలర్ల ఒప్పందము. చదువురానివాడగుటచే దానిపై గుర్తు మాత్రము పెట్టెను. వాడు కోపించినపుడు జీర్ణము చెడుటను కూడ వైద్యుడు వ్రాసికొనెను. ఆ కోపము ఎవరిపైనో శ్రోతలే ఊహింపగలరు. 1834లో స్వదేశమునకు వెడలినవాడు ఎంత పిలిచినను మరల రాలేదు.

1880లో వాడు మరణించినపుడు వైద్యులు ఆ కడుపును కోరిరి. కుటుంబమువారు శవమును కొన్ని దినములు ఎండవేడికి వదలి, పరీక్షకు పనికిరాకుండ చెడిన పిమ్మట, ఎనిమిది అడుగుల లోతున పూడ్చిరి.