నాన్నగారి గోదావరి

(ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. 1989లో స్వర్గస్థులైన మా నాన్నగారి గురించి చెబుతాను.

మాది బరంపురం. మా తాతలనాడు గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. మేము మాత్రం ఉన్నచోటనే ఉన్నాము. నాన్నగారు చదువులో చురుకైనవారట. తాతగారు పోవడంతో జీతం కట్టేవారు లేక ఎనిమిదో తరగతితో బడి మానేశారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. అందరూ విశాఖ వదిలి వస్తూ ఉంటే, కొన్ని నెలలకే మా నాన్నగారు ఆ ఊరు వెళ్లి నౌకాదళంలో చేరారు. దేశభక్తి అని నేను చెప్పను. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. నెలనెలా జీతం ఇంటికి వస్తుంది. అదీ కారణం.

బొంబాయిలో తల్వార్ అనే శిక్షణ కేంద్రంలో వైర్‌లెస్ పని, మోర్స్ సంకేతాలు నేర్పించారు. తర్వాత ఆయనను వేసిన యుద్ధనౌక పేరు గోదావరి. ఇంగ్లండులో తయారై 1943లో దళంలో చేరిన ఓడ అది. కృష్ణా, కావేరీ, నర్మద పేర్లతో కూడా అప్పట్లో ఓడలుండేవి.

సెలవులో ఇంటికి వచ్చినప్పుడు మా మామ్మ "ఎక్కడ పని నాయనా?" అని అడిగితే "గోదావరి మీద అమ్మా" అన్నారట. మామ్మకు తెలిసిన గోదావరి రాజమండ్రి దగ్గర ఉన్నదే. యుద్ధం అయ్యేదాకా వీధిలో అందరికీ "మా వాడు గోదారి మీద లాంచీలో పని చేస్తున్నాడు" అని చెప్పుకునేది. నాన్నగారు సరిదిద్దలేదు. "సముద్రం అని తెలిస్తే అమ్మ అన్నం తినేది కాదురా" అని మాతో నవ్వుతూ అనేవారు.

ఆయన నవ్వకుండా చెప్పిన సంగతి ఒక్కటే. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర ఫైండ్‌హార్న్ అనే బ్రిటిష్ నౌక, గోదావరి కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని వేటాడి ముంచివేశాయి. అందులో ఉన్న 66 మందిలో ఒక్కరూ బ్రతకలేదు. ఈ తేదీ, ఈ లెక్క నేను తర్వాత పుస్తకంలో చదువుకున్నవి. నాన్నగారు అన్నది ఇంతే: "ఓడలో అందరూ కేకలు వేశారు. నేనూ వేశాను. రాత్రి పడుకుంటే, వాళ్ల అమ్మలకు ఏమని చెప్పి వచ్చారో అనిపించింది." మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

1946లో విడుదలై ఇంటికి వచ్చారు. వైర్‌లెస్ పని తెలుసు కదా అని ఒక ఆఫీసులో దరఖాస్తు పెట్టారు. పరీక్షగా మోర్స్ కొట్టమంటే అక్కడున్న అందరికంటే వేగంగా కొట్టారట. కానీ మెట్రిక్ సర్టిఫికెట్ లేదని పంపించివేశారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పట్టుబట్టల కొట్లో గుమస్తాగా లెక్కలు రాశారు.

1966లో నేను మెట్రిక్ పాసయ్యాను. కులపెద్దలు కాలేజీ ఫీజుకు సాయం చేస్తామన్నారు. నలుగురిలో చెయ్యి చాచడం నాకు సిగ్గనిపించింది. "నేనూ కొట్లో చేరతాను" అన్నాను. నాన్నగారు కోప్పడలేదు. దరఖాస్తు తీసుకుని, తన చక్కని అక్షరాలతో తానే నింపారు. "నాకు ఇంగ్లీషు వచ్చు, మోర్స్ వచ్చు. కాగితం లేదు. ఆ కాగితం నువ్వు తెచ్చుకో. సిగ్గు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. సంతకం చేసి ఇచ్చాను. తర్వాత నేను ఉపాధ్యాయుడినయ్యాను.

ఆయన పోయాక ట్రంకు పెట్టె తెరిచాము. సర్వీసు కాగితం, దాని మడతలో ఒక వార్తాపత్రిక ముక్క ఉన్నాయి. దేశ విభజన తర్వాత ఆయన ఓడ పాకిస్తాను వాటాకు వెళ్లి పేరు మారింది. 1983 డిసెంబరులో మన నౌకాదళంలో గోదావరి పేరుతో కొత్త యుద్ధనౌక చేరింది. ఆ వార్త కత్తిరించి దాచుకున్నారు. మాలో ఎవరికీ చూపించలేదు. మేము అడిగిందీ లేదు.

విద్యార్థులారా, ఈ రోజు మీరు అందుకునే సొమ్ము చిన్నదే కావచ్చు. సిగ్గుపడకుండా తీసుకోండి, చదువు పూర్తిచేయండి, వీలైనప్పుడు మీ తర్వాత వచ్చేవారికి ఇవ్వండి. తల్లిదండ్రులారా, ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా మధ్యలో మాన్పించవద్దు.

ఇంకొక్క మాట. మా మనవలు ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఓడ మీద నుంచి నాన్నగారు రాసిన తెలుగు ఉత్తరాలు వాళ్లకు నేనే చదివి వినిపించాలి. ఇప్పుడు వాళ్లకు అక్షరాలు నేర్పుతున్నాను. మీ ఇంట్లో పెద్దవారుంటే ఈ రాత్రి వారి దగ్గర కూర్చుని, "మీరు ఏం పని చేసేవారు?" అని అడగండి. చెప్పింది రాసిపెట్టండి. నేను అడగకుండా ఆలస్యం చేశాను. మీరు చేయకండి.