క్రొత్త కారునకు కోరదగిన హంగులు



2022వ సంవత్సరమున మా యింటికొక కారు కొనవలసివచ్చినది. కారు కొనుట యెద్దులజత కొనుట వంటిదే యనుకొంటిని. పండ్లు చూచి, నడిపించి, బేరమాడి తోలుకొనివచ్చుటే గదా! అంగడిలో అడుగుపెట్టిన పిమ్మట, ఒకే పేరుగల కారులో అయిదారు రకములుండునని తెలిసినది. ఆకారమొక్కటే, హంగులు వేఱు. ధరలో లక్షల భేదము.

మా పెద్దవాడు పైకప్పున అద్దపుకిటికీ గల రకమును కోరెను. రోహిణీకార్తె యెండలో నెత్తిమీద అద్దమెందుకురా యంటిని. తెర యున్నది నాన్నా, వేసికొనవచ్చుననెను. ఎప్పుడును తెర వేసికొనుటకే యైనచో అద్దమునకు డబ్బిచ్చుట యెందుకు? పైగా ఆ కిటికీ కావలెనన్న మెఱుగుచక్రములు కూడ తీసికొనక తప్పదట. పాడియావుతో వట్టిపోయినదానిని కట్టి యమ్మునట్లున్నది. ఇనుపచక్రము గుంతలో పడి వంగినచో సాపు చేయించుకొనవచ్చును. మెఱుగుచక్రము పగిలినచో క్రొత్తది కొనవలసినదే.

నా మనస్సు వెనుకసీటుపై నుండెను. కారణము చెప్పెదను. 2016లో మా తమ్ముని కుటుంబము పెండ్లికి పోవుచుండగా, రాత్రివేళ గేదె యడ్డము వచ్చినది. మా తమ్ముడు పట్టీ పెట్టుకొని నడుపుచుండెను, గీతలతో బయటపడెను. వెనుక కూర్చున్న మా మఱదలు పట్టీ పెట్టుకొనలేదు. ముందుసీటునకు కొట్టుకొని భుజపుటెముక విఱిగి, మూడు మాసములు మంచము పట్టెను. వెనుకవారికి పట్టీ యెందుకని ఆనాడు మేమందఱమును అనుకొనినవారమే. వెనుకవారును పెట్టుకొనవలెనని చట్టము. పెట్టుకొననిచో 1000 రూపాయల జరిమానా.

కావున వెనుకసీటున నడిమివానికిని భుజముమీదుగా వచ్చు పట్టీ యున్నదా యని మొదట అడిగితిని. మేము చూచిన చవుకరకమున నడుమునకు చుట్టునది మాత్రమే కలదు. భుజమును నడుమును కలిపి పట్టు పట్టీని 1959లోనే స్వీడను దేశపు వోల్వో కార్లలో నిల్స్ బోలిన్ అను ఇంజనీరు అమర్చెను. అది లేని సీటున మనుమని కూర్చుండబెట్టుటకు నాకు మనసొప్పలేదు. పై రకమున అదియును, ప్రక్కల గాలిసంచులును కలవు. దానికే డబ్బిచ్చితిమి.

కొన్నిటికి వేఱుగా డబ్బడిగినచో ఇయ్యవలదు. చక్రములు బిగిసిపోకుండ ఆపు బ్రేకులు 2019 ఏప్రిలు నుండియు, ముందుసీట్లు రెండింటికిని గాలిసంచులు 2021 తుది నుండియు ప్రతి క్రొత్త కారునకును విధింపబడినవే. అంగడి కుఱ్ఱవాడు ముందుభాగమున ఇనుపకమ్మీల చట్రము బిగించెదననెను. 2017 డిసెంబరులోనే ప్రభుత్వము దానిని నిషేధించినది. దెబ్బను పసిగట్టి గాలిసంచిని విప్పు పరికరమునకు అది యడ్డు కావచ్చును. ఎదుటి మనుష్యునకు మఱింత గాయము చేయును. సీటులోనే గాలిసంచి యున్నచో, దానికి తగని గలీబు తొడిగించుటయు ప్రమాదమే.

వెనుకకు నడుపునపుడు చూపు కెమెరా మాత్రము పెద్దవాడు చెప్పినదే. నాకు తోచలేదు. మా వాకిట పిల్లలును దూడలును తిరుగుచుందురు; అద్దములో అవి కనబడవు. వాడి మాట విన్నందుకు నాకు సంతోషమే.

కారు ఇంటికి వచ్చిన నాడు మా మఱదలు వెనుకసీటున కూర్చుండి, పట్టీ బిగించుకొని, ఆ తరువాతనే తలుపు వేసెను.