ఆఫ్రికా దేశములు - ప్రజల పేర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

 మన పఠనమందిరమున ఒక దాత యిచ్చిన పాత ఆఫ్రికా పటము కలదు. అందు ఘనా లేదు, గోల్డ్ కోస్టు కలదు. జింబాబ్వే లేదు, రొడీషియా కలదు. దొరకిన బంగారమునుబట్టి ఒక దేశమునకును, రోడ్సు అను ఆంగ్లేయునిబట్టి వేరొక దేశమునకును పరులు పెట్టిన పేర్లవి.

1957లో ఘనా స్వతంత్రమయ్యెను. 1960వ సంవత్సరమొక్కదానియందే 17 దేశములు స్వాతంత్ర్యము పొందినవి. 1980లో రొడీషియా జింబాబ్వే అయ్యెను. 1984లో అప్పర్ వోల్టా 'బుర్కినా ఫాసో' అనియు, 2018లో స్వాజీలాండు 'ఎస్వాతిని' అనియు పేర్లు మార్చుకొన్నవి. 2011లో దక్షిణ సూడాను చేరుటతో ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశములు 54 అయినవి. ఇన్ని దేశములవారిని 'ఆఫ్రికావాడు' అని ఒకే గాట కట్టుట న్యాయము కాదు.

దేశము పేరు తెలిసినంతనే జనుల పేరు తెలియదు. కెన్యావారు కెన్యనులు, నైజీరియావారు నైజీరియనులు. ఇంతవరకు సులభమే. కాని పొరుగున నున్న నైజరు దేశీయులు నైజీరియనులు కారు. మడగాస్కరువారు మలగాసీలు. బుర్కినా ఫాసోవారు బుర్కినాబేలు. బోట్స్వానాలో ఒక్కడైన 'మొత్స్వానా', పలువురైన 'బత్స్వానా'. లెసోతోలో ఒక్కడు 'మొసోతో', పలువురు 'బసోతో', వారి భాష 'సెసోతో'. మనము మాట చివర 'డు', 'లు' చేర్చినట్లు వారు మాట మొదట చేర్చుదురు.

ఈ పేర్లతో నగరివారికేమి పని యని తమరడుగవచ్చును. 1860 అక్టోబరులో 'ట్రూరో' అను ఓడ మదరాసు రేవు విడిచి, నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలుగా నేటాలునకు పోయిరి. ఆనాడు మన ప్రాంతము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆ జిల్లానుండియు పెక్కురు పోయిరి. మన నగరి ముక్కుకొండ సముద్రముపై ఓడవారికి గురుతు. ఓడ యెక్కినవారిలో కొందరు కడపటిసారి చూచిన స్వదేశపు కొండ యదియే అయియుండవచ్చును.

అక్కడ వారికేమి పేరు? ఓడ పట్టికలో ఒక సంఖ్య, వీధిలో 'కూలీ'. న్యాయవాదియైన గాంధీజీని సైతము 'కూలీ బారిస్టరు' అనిరి. మదరాసు రేవునుండి వచ్చినందున తెలుగువారును తమిళులును 'మదరాసీ'లైరి. బర్మాలో కోరంగి రేవు పేర మనవారు 'కోరంగీ'లైరి. దక్షిణాఫ్రికా తెలుగువారు తమ భాషను, తమ పేరును నిలుపుకొనుటకై 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

నేటికిని మన యువకుడు ఉత్తరదేశమునకు పోయి 'మదరాసీ' అనిపించుకొన్నచో నొచ్చుకొనును. అట్టి మనము, చెన్నపట్నములో కానవచ్చు ఆఫ్రికా విద్యార్థిని వాని మేనిరంగునుబట్టి పిలువవచ్చునా? "ఏ దేశము నాయనా?" అని అడిగి, అతడు చెప్పిన పేరుతో పిలుచుటయే మర్యాద.

పాత పటమును తీసివేయుదమని కొందరనిరి. నా మనవి వేరు. దానిని ఉండనిచ్చి, ప్రక్కన క్రొత్త పటమును తగిలింపుడు. పరులు పెట్టిన పేర్లేవో, ప్రజలు తాము పెట్టుకొన్న పేర్లేవో మన పిల్లలు రెంటిని చూచి తెలిసికొందురు.