మన బొమ్మ మనమే గీసుకోవాల

(నల్లమాడలో యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమ సభ అంటే నీళ్ళ గురించి మాట్లాడాల, నిధుల గురించి మాట్లాడాల, ఉద్యోగాల గురించి మాట్లాడాల. ఈయనేంది, బొమ్మల కథల గురించి మాట్లాడతానంటాడు అని మీలో కొందరికి అనిపించవచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే ముందు దానికి జవాబు చెప్పి తర్వాత విషయంలోకి వస్తాను.

1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అందులో సీమకు ఇస్తామన్నది ఇవ్వలేదని ఎనభై ఏండ్లకు పైగా చెప్తానే ఉన్నాం. మన గోడు బయటివాళ్ళ చెవికి ఎందుకు ఎక్కడం లేదు? మనం నోరు తెరిచేలోపలే మన ముఖం ఎట్లుంటుందో ఎవరో గీసి వాళ్ళకు చూపించినారు గనక. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది. 2002లో ఇంద్ర వచ్చింది. ఆ వరుసలో ఇంకెన్నో వచ్చినాయి. సీమ అంటే సుమో బండ్లు, నాటుబాంబులు, వేటకొడవళ్ళు. వేరుశెనగ చేను ఎండిపోతే బెంగుళూరు బస్సెక్కే నల్లమాడ కూలి ఆ సినిమాల్లో ఎంతసేపు కనిపిస్తాడు? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతు యాడ కనిపిస్తాడు? మన బొమ్మ ఇంకొకరి చేతిలో ఉన్నన్నాళ్ళూ మన మాటకు విలువ రాదు. అందుకే ఈ పొద్దు బొమ్మల గురించి మాట్లాడుతున్నాను.

గీత గీసే అధికారం ఎంత పెద్దదో మనకు తెలియనిది కాదు. 1953లో ఒక గీత గీసినారు, బళ్ళారి మైసూరుకు పోయింది. 2009 ఎన్నికలకు నియోజకవర్గాల గీతలు మార్చినారు, నల్లమాడ అనే నియోజకవర్గమే లేకుండా పోయింది. 2022లో జిల్లాల గీతలు మార్చినారు, అనంతపురం జిల్లా అనుకున్న మనం సత్యసాయి జిల్లా అయినాం. గీసేది ఒకరు, గీతల్లో బతికేది మనం.

సరే, సీమకు బొమ్మల్లో కథ చెప్పే విద్య లేదా? ఉంది. ఇప్పటిది కాదు, ఐదు వందల ఏండ్ల నాటిది.

ఇదే జిల్లాలో లేపాక్షి ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి, పెద్ద బసవన్న దగ్గర ఫోటో దిగి వచ్చేస్తాం. ఈసారి పోయినప్పుడు నాట్యమండపంలో నిలబడి తల పైకెత్తి చూడండి. ద్రౌపదీ స్వయంవరం ఉంది. కిరాతార్జునీయం ఉంది. పార్వతీ కల్యాణం ఉంది. ఒక ఘట్టం పక్కన ఇంకొక ఘట్టం, పట్టీలు పట్టీలుగా కథ నడుస్తుంది. నల్లటి గీతతో ఆకారం కట్టి, ఎరుపు, పసుపు, తెలుపు నింపినారు. అక్కడ మనునీతి చోళుని కథ కూడా ఉంది. రాజకుమారుని రథం కింద పడి ఒక దూడ చచ్చిపోతుంది. తల్లి ఆవు పోయి రాజు వాకిట్లో న్యాయం గంట కొడుతుంది. రాజు సొంత కొడుకని చూడకుండా శిక్ష వేస్తాడు. చదువు రాని రైతు కూడా తల పైకెత్తి చూసి, ఆవు గంట కొడితే రాజు లేచి రావాల అని తెలుసుకున్నాడు. కామిక్స్ అంటే ఇదే కదా? వరుసగా బొమ్మలు, వరుసలో కథ, కథలో ఒక న్యాయం.

లేపాక్షిలో బొమ్మ కదలదు. కదిలించినవాళ్ళు నిమ్మలకుంటవాళ్ళు. ధర్మవరం మండలంలో ఉండే ఊరు. ఇండ్లల్లో మరాఠీ యాస మాట్లాడుకుంటారు, తెర వెనక నిలబడితే తెలుగులో రామాయణం పాడతారు. మేకతోలును శుభ్రం చేసి, పలచగా ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, ఉలితో సన్నసన్న చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. మెడ, భుజం, మోచేయి, మోకాలు విడివిడిగా కత్తిరించి దారంతో కడతారు. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే నగలవుతుంది. ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. తెల్లవార్లూ ఆట.

ఆ ఆటలో రాముడు, రావణుడు మాత్రమే కాదు, కేతిగాడు ఉన్నాడు, బంగారక్క ఉంది, జుట్టుపోలిగాడు ఉన్నాడు. యుద్ధం మధ్యలో దూరి వచ్చి, ఊరి సంగతులు లాగి వేళాకోళం చేసిపోతారు. తెలుగు కార్టూన్‌కు ఆద్యుడు తలిశెట్టి రామారావు అని, 1930లలో ఆంధ్రపత్రికలో వేసినారని చెప్తారు. పత్రిక వరకూ ఆ మాట నిజమే. కాని పత్రిక రాని ఊర్లో, అక్షరం రాని జనానికి వ్యంగ్య చిత్రం చూపించింది కేతిగాడే.

ఇప్పుడు వాళ్ళ పరిస్థితి ఏమి? 2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు ఉంది. సంతోషమే. కాని ఊర్లో రాత్రి ఆట ఆడించేవాళ్ళు లేరు. ఆట పోయింది, తోలు మిగిలింది. అదే చేయి ఇప్పుడు దీపాల గొడుగులు చేస్తోంది, గోడకు తగిలించే అలంకారాలు చేస్తోంది. నగరాల్లో చేతివృత్తుల సంతలకు మోసుకుపోయి అమ్ముకుంటున్నారు. ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చుని చిల్లులు కొడితేనే ఇల్లు గడుస్తుంది. దీన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కడుపు నిండాల. కాని ఒక్కటి గమనించండి. దీపం గొడుగు మీద హనుమంతుడు ఉంటాడు గాని ఆయనకు కథ లేదు. కేతిగాడు అసలే లేడు. వేళాకోళం చేసే బొమ్మను డ్రాయింగు రూములో పెట్టుకునేవాడెవడు?

ఇంక అచ్చు సంగతి చూద్దాం. 1947 జూలైలో మద్రాసులో చందమామ మొదలైంది. పెట్టిన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా పొట్టిపాడు మనిషి. సీమ మనిషి సాహసంతో దేశమంతా పిల్లలు బొమ్మల కథలు చదివినారు. 2013 నాటికి ఆ పత్రిక ఆగిపోయింది. కాని అప్పుడూ ఇప్పుడూ అచ్చుయంత్రాలు మద్రాసులో, విజయవాడలో, హైదరాబాదులో. బొమ్మ వేయడం వచ్చిన సీమ పిల్లవాడు కూలి మాదిరే వలస పోవాల్సిందే. పోయినాక వాడు గీసేది యజమానికి కావాల్సిన బొమ్మ, వాడి ఊరి బొమ్మ కాదు.

మన రచయితలు మాత్రం ఊరు వదల్లేదు. విద్వాన్ విశ్వం గారి పెన్నేటి పాట ఉంది. సింగమనేని నారాయణ గారి కథలున్నాయి. బండి నారాయణస్వామి గారి శప్తభూమికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కరువు మాటల్లోకి ఎక్కింది. బొమ్మల్లోకి ఎక్కించే పని మన ముందు ఉంది.

అయ్యే పనేనా అంటారా? అయిన చోట్లు చెప్తాను. మధ్యప్రదేశ్‌లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేద్కర్ జీవితాన్ని బొమ్మల కథగా గీసినారు. 2011లో భీమాయన పేరుతో పుస్తకం వచ్చింది. పట్నం కామిక్స్ మాదిరి చదరపు గళ్ళు కట్టలేదు, వాళ్ళ గోడల మీద వేసే ముగ్గు గీతలతోనే పేజీ కట్టినారు. అదే ఏడాది బెంగాల్ పటచిత్రకారిణి మొయినా చిత్రకార్ బొమ్మలతో సీత వైపు నుంచి చెప్పిన రామాయణం చెన్నైలో అచ్చయింది. గోండుల గీత పుస్తకం కాగలిగితే నిమ్మలకుంట గీత ఎందుకు కాదు?

పుస్తకం దాకా ఆగాల్సిన పని కూడా లేదు. గోడ కామిక్ అని ఒక పద్ధతి ఉంది. శరద్ శర్మ అనే ఆయన దేశంలో చాలాచోట్ల పల్లెజనానికి నేర్పించినారు. రెండు ఏ4 కాగితాలు అతికించాల. నాలుగు గళ్ళు గీయాల. నాలుగు గళ్ళల్లో ఒక కథ. జెరాక్సు తీసి బస్టాండులో, టీ అంగడి దగ్గర, బడి గోడకు అంటించాల. ఖర్చు జెరాక్సు ఖర్చే. మొదటి గడిలో జూన్‌లో విత్తనం వేసే రైతు. రెండో గడిలో ఆగస్టులో ఎండిన చేను. మూడో గడిలో వానమాపకం దగ్గర పడిన వాన, ఆ లెక్కతో బీమా రాదన్న కాగితం. నాలుగో గడిలో తాళం వేసిన ఇల్లు. ఇదొక పేజీ. ఉపన్యాసం గంట చెప్పినా ఇంతకంటే ఏం చెప్పగలను?

చివరిగా మూడు మాటలు. ఒకటి, లేపాక్షి పైకప్పు కథలు సీమ బడిపిల్లల పాఠాల్లోకి రావాల. రెండు, నిమ్మలకుంట కళాకారులను ఉత్సవాలకు పిలిచి శాలువా కప్పి పంపించడం చాలించి, జీతమిచ్చి బడుల్లో, కాలేజీల్లో బొమ్మల గురువులుగా పెట్టాల. ఈ రెండూ ప్రభుత్వాన్ని అడగాల్సినవి, అడుగుదాం, కొట్లాడుదాం. మూడోది ఎవరినీ అడగాల్సింది కాదు. ఈ వారపత్రికలో ఒక పేజీ సీమ బొమ్మల కథకు విడవమని సంపాదకులను మీ అందరి ముందే కోరుతున్నాను. దాన్ని నింపాల్సింది మీరు. గీత వంకర పోయినా ఫర్వాలేదు, మన నేల కూడా వంకరే. మన యాసలో రాయండి. మనల్ని చూసి మనం నవ్వుకునే కేతిగాణ్ణి కూడా మరిచిపోవద్దండి.

రేపు రాష్ట్రం వస్తే దాని పటం ఎవరో ఒకరు గీయాల. అప్పటికి గీత గీయడం మనకు వచ్చి ఉండాల.

జై రాయలసీమ!