మనం నడిచిన 5కె వాక్, తాళం వేసిన గది

ఈ ఎపిసోడ్‌లో కొంచెం నన్ను నేనే తిట్టుకుంటాను, భరించండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు రెండేళ్లు డల్లాస్‌లో ఉన్నాను. అక్కడ మనవాళ్లు కొందరు ఏటా ఒక శనివారం పొద్దున్నే 5కె వాక్ పెట్టేవాళ్లు. ఇక్కడ ఒక జిల్లాలో ఉన్న దివ్యాంగ పిల్లల స్కూల్ కోసం. స్కూల్ పేరు, సంఘం పేరు చెప్పను, అడగొద్దు. నా డ్యూటీ రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర. ఎవరికి ఏ సైజు టీషర్ట్, ఎవరు డబ్బు కట్టలేదు, అదీ పని. నడక గంటలో అయిపోయేది, ఇడ్లీలు తినడం మాత్రం రెండు గంటలు!

ఆ ఏడాది టార్గెట్ సెన్సరీ రూమ్. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు శబ్దాన్ని, వెలుతురుని, స్పర్శని తట్టుకోలేరు. వాళ్ల కోసం ఊయల, పెద్ద బంతులు, మెత్తటి చాపలు ఉండే గది. ఫోటోలు చూపించాం, డబ్బులు వచ్చేశాయి, చప్పట్లు కొట్టాం.

ఇండియా వచ్చేశాక వీడియో తీద్దామని ఆ స్కూల్‌కి వెళ్లాను. గది ఉంది. బయట మా సంఘం పేరుతో బోర్డు ఉంది. తలుపుకి తాళం ఉంది. హెడ్ మేడమ్ తాళం తీస్తే ఊయల మీద ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యలేదు. "థెరపిస్ట్ మానేసిందయ్యా. జీతం ఇవ్వలేకపోయాం. తెలియనివాళ్లం ఊపితే పిల్లలు బెదిరిపోతారు" అన్నారు. పక్క గదిలో వీల్‌చెయిర్లు, అన్నీ పెద్దవాళ్ల సైజువే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లకి నడుము దగ్గర, మెడ దగ్గర ఆధారం కావాలి, కొలత తీసి చెయ్యాలి. పైగా పిల్లలు ఎదుగుతారు, కొలత మారుతుంది. ఇది ఆలోచించడానికి బీటెక్ అక్కర్లేదు. ఉండి కూడా నేను ఆలోచించలేదు.

సరే, అసలు ఆ డబ్బు ఎలా వస్తుందో చూద్దాం. అమెరికాలో 501 సి 3 హోదా ఉన్న సంస్థకి ఇస్తే దాతకి పన్ను మినహాయింపు ఉంటుంది. ఫండ్‌రైజింగ్ డిన్నర్ టికెట్ 100 డాలర్లు, భోజనం విలువ 40 అనుకోండి. విరాళం కింద లెక్కకి వచ్చేది 60 మాత్రమే. ఇక హాలు అద్దె, సౌండ్ సిస్టమ్ ఎవరైనా స్పాన్సర్ చేస్తే సరే, లేకపోతే అవీ వచ్చిన దాంట్లోంచే పోతాయి.

ఇండియా వైపు ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఉంది. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ అకౌంట్‌లోనే పడాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. అంతకు ముందు రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ, అది ఉన్న చిన్న సంస్థలకి పంచగలిగేది. ఇప్పుడు ఆ దారి లేదు. ఇక రిజిస్ట్రేషన్ గానీ ప్రత్యేక అనుమతి గానీ లేని చిన్న స్కూల్‌కి మనం అక్కడ ఎంత నడిచినా రూపాయి చేరదు. ఇంకో మాట, ఇది చాలామందికి తెలీదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంక్ ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు పంపితే అవుతుంది.

"జీతాలకి ఇవ్వకూడదంట కదా" అని నాకు మా వాలంటీర్లే చెప్పారు. అది తప్పు. 20 శాతం పరిమితి ఉన్నది పరిపాలన ఖర్చుల మీద. పాఠాలు చెప్పే టీచర్ల జీతం ఆ లెక్కలోకి రాదని నిబంధనల్లోనే ఉంది.

ఇదంతా పట్టుకుని డల్లాస్‌లో మా పెద్దాయనకి ఫోన్ చేశాను. కోపంగానే మాట్లాడాను, ఒప్పుకుంటాను. ఆయన విని, "తమ్ముడూ, ఊయల కొందాం రండి అంటే జనం వస్తారు. థెరపిస్ట్ పీఎఫ్ కడదాం రండి అంటే ఎవడొస్తాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇరవై ఏళ్లుగా చందాలు అడుగుతున్న మనిషి, నేను రెండేళ్లు టీషర్ట్‌లు పంచినవాణ్ణి.

చివరికి ఒకటి కుదిరింది. ఈ ఏడాది వాక్‌లో కొత్త సామాను ఏదీ పెట్టలేదు. ఒక థెరపిస్ట్‌కి, ఒక ఆయమ్మకి రెండేళ్ల జీతం, బస్సు డీజిల్, అంతే. వచ్చినవాళ్లు తగ్గారు. డబ్బు కూడా తగ్గింది, కానీ ఆ రెండు జీతాలకి సరిపోయింది. కొంతమంది నెలకి ఇంత అని ఆటో పే పెట్టుకున్నారు. నేనూ పెట్టాను, ఎంతో చెప్పను, చిన్నదే.

మొన్న మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆయమ్మ చేరింది. థెరపిస్ట్ ఇంకా దొరకలేదు, హైదరాబాద్ వదిలి జిల్లాకి రావడానికి ఎవరూ ఒప్పుకోవట్లేదట. ఆక్యుపేషనల్ థెరపీ చదివినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే కామెంట్‌లో రాయండి, ఊరి పేరు మీకు విడిగా చెప్తాను.