పెంచినోళ్ల పేరు రాయమంటున్నం

(దేవరయాంజాల్ దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి మీద, భూముల మీద నా కంటే ముందు మాట్లాడినోళ్లు బాగనే మాట్లాడిండ్రు. నేను ఒక పిల్ల ముచ్చట చెప్త.

మన మండలంలనే ఒక వాడల ఒక అక్క ఉన్నది. హిజ్రా. మాదిగింటి బిడ్డ. చెల్లె చనిపోతే చెల్లె బిడ్డను రెండేండ్లప్పుడు ఎత్తుకొచ్చి సాదింది. ఆమెతో కాపురం చేసే మనిషి మేస్త్రీ పనికి పోతడు. ఇద్దరూ కలిసే ఆ పిల్లకు తిండి పెట్టిండ్రు, బట్ట తొడిగిండ్రు. బడిల చేర్పించడానికి పోతే అక్కడ కూసున్న సారు అడిగిన మాట: "నువ్వు తల్లివా, తండ్రివా?" పక్కనున్నోళ్లు నవ్విండ్రు. పిల్ల అక్కడ్నే నిలబడి విన్నది. ఆధార్ల అక్క పాత మగపేరే ఉన్నది, ఫారం మీద రాసింది ఇప్పటి పేరు. రెండూ కలవలేదన్నరు. ఆఖరికి ఆ పిల్లకు ఒక్కపూట అన్నం పెట్టని దూరపు బాబాయిని బతిమాలి, సంరక్షకుడని ఆయన పేరు రాయించిండ్రు. ఆయన సంతకం కావాలంటే ఇప్పటికీ కల్లు సీసా పట్టుకొని పోవాలె.

ఈ ప్రశ్న మనకు కొత్తదా? జోగిని బిడ్డలను అడగండి. ఊరి దొరలు మన ఆడబిడ్డలను దేవుని పేరు మీద ఊరికి వదిలిండ్రు. పుట్టిన పిల్లలకు మాత్రం తండ్రి పేరు చెప్పమన్నరు. జోగిని చేయడం నేరమని 1988లో చట్టం వచ్చింది. కానీ బడి రిజిస్టరులో తండ్రి పేరు గడి అట్లనే ఉండె. పెండ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు చెప్పనక్కరలేదని సుప్రీంకోర్టు 2015లో గాని అనలేదు. గడి రాసింది మనుషులే. మనుషులే మార్చిండ్రు.

హిజ్రాల విషయంల చట్టం ఇంకా అన్యాయం చేసింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చిండ్రు. మన ఎరుకల సోదరులను స్టూవర్టుపురంల బంధించింది ఆ చట్టపు వారసత్వమే. ఆ 1871 చట్టంలనే రెండో భాగం హిజ్రాల మీద. రిజిస్టరుకెక్కిన హిజ్రా పిల్లలకు సంరక్షకులుగా ఉండరాదు, వీలునామా రాయరాదు, కొడుకును దత్తత తీసుకోరాదు. ఒక మనిషిని ఇల్లు లేకుండ చేయాలంటే ఇంతకంటే ఏం కావాలె?

దాన్ని చూసి నిజాం సర్కారు 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇక్కడ కూడా చట్టం చేసింది. ఆడబట్ట కట్టి వీధిలో కనబడితే వారంటు లేకుండ పట్టుకోవచ్చు. ఇంట్ల పదహారేండ్ల లోపు మగపిల్లగాడు ఉంటే రెండేండ్ల దాకా జైలు. నిజాం పోయిండు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకంల కూసున్నది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరు కోర్టుకు పోతే, 2023 జులైల మన హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు కూడా ఇయ్యాలని అదే తీర్పుల చెప్పింది. ఎంతమందికి అందుతుందో మీరే మీ వాడల లెక్క తీయండి.

అదే ఏడు అక్టోబర్ 17న సుప్రీంకోర్టు పెండ్లి కేసుల తీర్పిచ్చింది. ఆ కేసు వేసినోళ్లల్ల హైదరాబాద్ల ఉండే ఇద్దరు మగోళ్లు, సుప్రియో, అభయ్ ఉన్నరు. ట్రాన్స్‌జెండర్ మనిషి ఆడ-మగ జంటగా ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందనే పెండ్లి చేసుకోవచ్చని కోర్టు అన్నది. ఇద్దరు ఆడోళ్లకు, ఇద్దరు మగోళ్లకు పెండ్లి హక్కు లేదన్నది. దత్తత మీద అయిదుగురు జడ్జీలల్ల ఇద్దరు ఇయ్యాలన్నరు, ముగ్గురు కాదన్నరు. ఇప్పుడు ఒక్కరి పేరు మీద పిల్లను తెచ్చుకోవచ్చు. రెండో మనిషి ఇరవై ఏండ్లు సాదినా కాగితం మీద పరాయే. ఆ ఒక్కరు చచ్చిపోతే పిల్ల ఎవరిది? దీనికి జవాబు ఆ తీర్పుల నాకు కనబడలేదు.

కేరళల జహాద్, జియా అనే ట్రాన్స్‌జెండర్ జంటకు 2023ల బిడ్డ పుట్టింది. బిడ్డ పుట్టుక పత్రంల తల్లి, తండ్రి అని విడగొట్టకుండ ఇద్దరినీ ఒకే మాటతో రాయమని ఆ రాష్ట్ర హైకోర్టు 2025 జూన్ల చెప్పింది. మన భాషల ఆ మాట ఎప్పటినుంచో ఉన్నది, కన్నవాళ్లు అని. పెంచినోళ్లు అనే మాట కూడా ఉన్నది.

మన కార్యకర్తలే కొందరు నాతోని గులుగుతున్నరు: "ఇవి పట్నపోళ్ల ముచ్చట్లు, ముందు కులం సంగతి చూద్దాం" అని. తమ్మీ, ఆ అక్క మాదిగ కాదా? ఆ పిల్ల కులమేంది? ఇంట్ల నుంచి ఎల్లగొట్టిన పిల్లలు పట్నంల సిగ్నళ్ల కాడ నిలబడితే వాళ్లల్ల మనోళ్లు లేరా? బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు మీద 1951ల మంత్రి పదవి వదులుకున్నడు. పెండ్లి, విడాకులు, దత్తత, ఆస్తి, ఇవే ఆ బిల్లుల ఉన్నయి. ఇంటి లోపలి సంగతి ఉద్యమానికెందుకని ఆయన అనలేదు. 1934ల బొంబాయిల ఆర్.డి.కర్వే అనే సంపాదకుడి మీద అశ్లీలమని కేసు పెడితే కూడా ఆయనే వాదించిండు. పాఠకులు శరీరం గురించి అడిగిన ప్రశ్నలకు పత్రికల జవాబులిచ్చిండని ఆ కేసు. ఓడిపోయిండ్రు, అది వేరే సంగతి.

ఇక ఊరి మాట. దేవరయాంజాల్ సీతారాముల గుడి భూములు పదిహేను వందల ఎకరాలకు పైనే అంటరు. అవి ఎవరివనే తగువు 2021ల ఐఏఎస్‌ల కమిటీ దాకా పోయింది. కాగితం మీద పేరు లేకపోతే ఏమైతదో ఈ ఊరికి వేరేవాళ్లు చెప్పనక్కరలేదు. అందుకే ఈ ముచ్చట ఇక్కడ తెచ్చిన.

ఒక దరఖాస్తు రాసినం. బడిల పెంచినోళ్ల పేరే సంరక్షకులుగా రాయాలె. పేరు మారినోళ్లకు ఆధార్ మార్చే పని మండలంలనే అయ్యేటట్లు చూడాలె. ఇట్ల కలిసి బతికే జంటలను రేషన్ కార్డుకు ఒకే ఇంటిగా లెక్కించమని కేంద్రం 2024ల రాష్ట్రాలకు రాసింది, అది ఇక్కడ అమలు చేయాలె. సోమవారం పొద్దున పది గంటలకు తహసీల్ ఆఫీసు ముందట కలుద్దాం. ఆ అక్క కూడా వస్తనన్నది, పిల్లను తోలుకొని. ఆమె ఒక్కతే పోతే మళ్ల నవ్వుతరు. వేలిముద్ర వేసేటోళ్లకు ముందు చదివి వినిపిస్తం, కాగితం ఈ బల్ల మీదనే ఉన్నది.